గడప దాకా రానివ్వని ఆకాశం
డబ్లిన్‌లో పీజీ చదువుతున్నప్పుడు, అమెరికా, చైనా వైమానిక బలాలను పోల్చే సెమినార్ నాకూ నా రూమ్మేట్‌కూ కలిపి ఇచ్చారు. యుద్ధ విమానాలు, వాటికి గాలిలోనే ఇంధనం నింపే ట్యాంకర్లు, క్షిపణులు అంటూ ముందు నేను చాలాసేపు మాట్లాడాను. క్లాసంతా ఆవులించింది. తర్వాత వాడు లేచి, "అమెరికా ఎంత దూరమైనా వెళ్లి కొట్టడానికి తయారైంది. చైనా ముందు తన గడప దాకా ఎవరినీ రానివ్వకుండా చూసుకుంటోంది," అని ఇంగ్లీషులో తేల్చేశాడు. ప్రొఫెసర్ కుర్చీలో ముందుకు జరిగి, వాడినే వ్యాసం రాయమన్నారు. నాకు కడుపు మండిపోయింది.

లువాస్ రైల్లో ఇంటికి వెళ్తుంటే వాడు, "నువ్వు ముందు అన్నీ ఎక్స్‌ప్లెయిన్ చేయబట్టే నాకు క్లిక్ అయింది రా. వ్యాసం ఇద్దరం కలిసి రాద్దాం," అన్నాడు.

"గ్రాండ్," అన్నాను, 'సరే'కి అక్కడివాళ్లు వాడే మాటతో, కిటికీ వైపు తిరిగి. తెలివితోపాటు మంచితనం కూడా వాడికే దొరికిందని ఇంకా కుళ్లుకున్నాను.