పుట్టకు విడిచినవి

బాన్సువాడ పక్క రిజర్వు అడవిలోకి దగ్గరి లంబాడీ తండాలో ఉండే ముసలవ్వ వెంట పుట్టగొడుగులకు పోవాలంటే నాకు విసుగొచ్చేది. ఏ చెదపుట్ట మీద ఎప్పుడు మొలుస్తాయో ఆమెకే తెలుసు కాబట్టి పోక తప్పేది కాదు. మొగ్గలే కోయనిచ్చేది. విచ్చుకున్నవి కోస్తే, నా బుట్టలోంచి తీసి మళ్లీ పుట్ట మీద బోర్లించేది.

“ఏంది అవ్వా, తెంపినయి మల్ల అతుక్కుంటయా? ఇంట్ల చుట్టాలు కూసున్నరు!”

“అతుక్కోవు బిడ్డా, ఇత్తనం రాలుతది. పుట్టకు ఇన్ని ఇడువాలె.”

“పుట్టకు గూడ చుట్టాలొస్తరా?”

“వస్తరు. వచ్చే ఏడు మనమే.”

ఒకసారి ఆమెకు చెప్పకుండా వెళ్లాను. లోపల ఇంకా మొగ్గలుంటాయని పెద్ద పుట్టను గడ్డపారతో తవ్వేశాను. ఆ రోజు మా ఆడబిడ్డ ఆ కూర రెండుసార్లు అడిగి వడ్డించుకుంది.

మరుసటి ఏడు అవ్వతో పోతే అక్కడ ఒక్కటీ మొలవలేదు. గుంత చూడగానే అవ్వకు అర్థమైంది. తిడితే ఎదురు చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆమె తన బుట్టలోని మొగ్గల్లో దారిలో విచ్చుకున్నవన్నీ ఏరి గుంత చుట్టూ బోర్లించింది. మిగిలిన మొగ్గలు నా బుట్టలో పోసి, ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని తండా దారి పట్టింది.

తిట్టకుండా ఆమె చేసిన ఆ పని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.