చూసినది అని పేరు పెట్టిన పేజీలు

నా నోరు మంచిది కాదని మా తమ్ముడు అంటాడు. ముప్పై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో కూర్చుని ఊరందరి విసుగూ విన్నదాన్ని, ఆమాత్రం నోరు లేకపోతే బతికేదాన్నా? సరే, ఇప్పుడు చెప్పబోయేది నా సంగతి కాదు, మా తమ్ముడి భార్య సంగతి. నాకు మరదలు, వీధిలో అందరికీ టైపక్క.

వీధి వైపు గదిలో కంప్యూటరు, ప్రింటరు పెట్టుకుని కూర్చుంటుంది. కోర్టు కాగితాలు, అర్జీలు, ఎవరెవరో సొంత డబ్బుతో అచ్చు వేయించుకునే పుస్తకాలు టైపు చేసి, పేజీలు కట్టి ఇస్తుంది. ఆ గది మీద ఇంకో గది, అందులో మా తమ్ముడు. మధ్య పందొమ్మిది మెట్లు. అవి కట్టిన మహానుభావుడెవడో గానీ నిచ్చెనకి సిమెంటు పూసి వదిలేశాడు. నేను వెళ్లినప్పుడల్లా నాలుగో మెట్టు మీద ఒకసారి, పదో మెట్టు మీద ఒకసారి వాణ్ణి తిట్టుకుంటాను.

అసలు ఆ పని తనది కాదు, మా తమ్ముడిది. వాడి దగ్గరే నేర్చుకుంది. మూడేళ్ల కిందట వాడికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి, స్నానాలగది పైనే ఉందని పై గదికి మోసుకెళ్లారు. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తప్ప వాడు మెట్లు దిగలేదు. నాలుగు నెలలు గోడ కేసి తిరిగి పడుకున్నాడు, పలకరిస్తే పలకడు. అప్పుడీ పిల్ల పాత కంప్యూటరును ముక్కలు ముక్కలుగా పైకి మోసి వాడి మంచం పక్కన పెట్టింది. ఎడమచేత్తో మొదటి రోజు మూడు లైన్లు కొట్టాడు. ఆ రోజు అన్నం అడిగి తిన్నాడని నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

వాళ్ల పనిలో ఒక పద్ధతుంది, అది మా తమ్ముడు పెట్టినదే. పేజీ టైపు చేసి, మొదట్నుంచి చివరిదాకా చదివి, తప్పులు లేవని తేలాక ఫైలు పేరు చివర 'చూసినది' అని చేరుస్తారు. అలా పేరు పెట్టాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా దాన్ని ముట్టుకోకూడదు. నేరుగా అచ్చుకి పోవాలి. పూర్వం ఒక గుమాస్తా 'చూసినది' అన్న పేజీలో ఒక్క కామా మార్చాడని మా వాడు వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

పాత అక్షరాల ప్రోగ్రాము ఆ పాత కంప్యూటర్లోనే ఉంది. కొత్తదాంట్లోకి ఎక్కనంటే ఎక్కనని మొండికేసింది. కాబట్టి సగం పని పైన, సగం పని కింద. వాడు టైపు చేసింది పెన్‌డ్రైవులో తెచ్చుకోవడానికి పైకి, ప్రింటు తీయడానికి కిందికి, వచ్చినవాళ్లు మార్పులు చెబితే మళ్లీ పైకి. మధ్యలో వాడికి మంచినీళ్లు, మందులు, బాత్రూము. రోజుకి ముప్పైసార్లు ఎక్కి దిగేది. మోకాళ్లు వాచిపోయాయి. "ఏమే, కాళ్లా అవి, దుంగలా?" అంటే, "అలవాటైపోయింది వదినా" అనేది. అలవాటట! నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ తిప్పలు చూడలేక ఇంటర్నెట్టు బాగుచేసే అతను ఒక మార్గం చెప్పాడు. "రెండు కంప్యూటర్లూ ఒకే వైఫైలో ఉన్నాయి కదమ్మా, ఇక్కడ కూర్చునే పైదాన్ని నడపొచ్చు" అని ఏదో ఎక్కించాడు. నేనప్పుడు అక్కడే ఉన్నాను. పై కంప్యూటరు తెర యావత్తూ కింద తెర మీద ప్రత్యక్షమైంది. ఇక్కడ మౌసు కదిపితే అక్కడ బాణం కదులుతోంది. "మీ కంప్యూటర్ని కూడా పైనుంచి చూసేలా పెట్టేశాను, పాస్‌వర్డు ఒకటే, ఎప్పుడైనా పనికొస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఈ ఇంటి వైఫై దాటితే ఇది పనిచెయ్యదు" అన్నాడతను.

నేను ఎక్స్‌ఛేంజీ మనిషిని కదా, ఊరుకోలేక అడిగాను. "అయితే ఒకళ్ల లైన్లో ఇంకొకళ్లు దూరినట్టే కదయ్యా?"

అతను నవ్వి, "అంతేనండి" అన్నాడు. మరదలు కూడా నవ్వింది. రెండేళ్లలో అది నవ్వగా చూడటం అదే మొదటిసారి.

మెట్లెక్కడం ముప్పై నుంచి పదికి తగ్గింది. కానీ వేరే సంగతి బయటపడింది. పెన్‌డ్రైవులో వచ్చే రోజుల్లో హడావుడిగా ప్రింటు కొట్టేసేది. ఇప్పుడు కూర్చున్న చోటే మా తమ్ముడి పేజీలన్నీ తీరిగ్గా కనిపిస్తున్నాయి. వాడు 'చూసినది' అని పెట్టిన పేజీల్లో లైన్లకి లైన్లే ఎగిరిపోతున్నాయి. ఒకే వాక్యం రెండుసార్లు వస్తోంది. జబ్బు వాడి చేతినే కాదు, కంటినీ కొంత తీసుకుపోయింది. ఆ సంగతి వాడికి తెలియదు. తాను సంపాదించి పెడుతున్నానన్న నమ్మకంతోనే లేచి కూర్చుంటున్నాడు.

చెప్పలేక, ఈ పిల్ల ఒక పని మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనమయ్యాక వాడు గంటన్నర పడుకుంటాడు. ఆ గంటన్నరలో కిందనుంచి వాడి కంప్యూటర్లోకి వెళ్లి, పేజీలన్నీ దిద్ది, అదే పేరుతో దాచేసేది. వాడు లేచి చూసుకుంటే అన్నీ సరిగ్గానే ఉండేవి. "చూశావా, నా పేజీలో తప్పు పట్టగలరా ఎవరైనా?" అనేవాడట. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడటం లేదనుకుంది.

పొద్దున్న ఐదింటికి లేచిన మనిషికి నడుం వాల్చడానికి దొరికేది ఆ గంటన్నరే. అదీ పోయింది. ఒక రోజు నేను వెళ్లేసరికి కీబోర్డు మీద తల పెట్టి నిద్రపోతోంది. తెర నిండా ఒకటే అక్షరం వందలసార్లు పడి ఉంది. లేపితే ఉలిక్కిపడి, "అయ్యో, ఆయన పేజీ!" అంది.

అప్పుడే ఒక ప్రెస్సు యజమాని కబురు పెట్టాడు. పేజీలు కట్టడానికి మనిషి కావాలి, నెల జీతం, ఆదివారం సెలవు. కాకపోతే ఊరికి ఆ చివర, పొద్దున్న వెళితే రాత్రికి గానీ రాలేదు. అంతసేపు పక్షవాతం మనిషిని ఒంటరిగా వదిలెయ్యడం కుదరదు. నెలాఖరులోగా ఏ తేదీన చేరతావో రాసివ్వమన్నాడు.

"నా దగ్గర పడెయ్యవే వాణ్ణి" అన్నాను. నాదీ ఒంటి బతుకే. నా ఇంట్లో మెట్లు లేవు.

"మీ ఇంటికొస్తే ఆయన పేజీలు నేనెలా దిద్దను వదినా? అక్కడికి ఇది అందదు. ఒక్క పుస్తకం తప్పులతో వెనక్కొస్తే చాలు, ఆయన మళ్లీ గోడకి తిరిగి పడుకుంటారు."

"మరి నువ్వు పడిపోతే?"

"నేనెందుకు పడతాను?" అంది. అంటూనే కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది.

అలా అడకత్తెరలో పోకచెక్కలా నెలరోజులు. ఉత్తరమైతే టైపు చేసి పెట్టుకుంది. 'అయ్యా, మీ ప్రెస్సులో చేరడానికి నాకు సమ్మతమే. ఫలానా తేదీ నుంచి వస్తాను' అని. తేదీ దగ్గర ఖాళీ. రోజూ వాడి పేజీలు దిద్దడం అయ్యాక ఆ ఉత్తరం తెరవడం, ఖాళీని చూడటం, మూసెయ్యడం. గోడతో చెప్పుకున్నట్టు రోజూ నాకు ఫోన్లో చెప్పేది. నేను రోజూ తిట్టేదాన్ని.

నెలాఖరు దగ్గరపడింది. ఒక శుక్రవారం తమ్ముడే ఫోన్ చేశాడు.

"అక్కా, దానికి ప్రెస్సులో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఆదివారం కారు మాట్లాడుకుని రా, నన్ను తీసుకెళ్దువుగాని."

హమ్మయ్య, ఇన్నాళ్లకి నోరు విప్పి చెప్పిందన్నమాట అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే కారు వేసుకుని వెళ్లాను. మరదలు కింద గదిలో ప్రింటరుకి కాగితాలు పెడుతోంది.

"మొత్తానికి చెప్పావే! బట్టలు సర్దావా వాడివి?"

"ఏం చెప్పాను వదినా? బట్టలెందుకు?"

"ఉద్యోగం సంగతే. రేపు చేరుతున్నావటగా. వాడే ఫోన్ చేశాడు నాకు."

దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో కాగితాలు కింద పెట్టేసి కంప్యూటరు ముందు కూలబడింది. ఉత్తరం ఉన్న చోటు తెరిచింది. నేను భుజం మీదుగా వంగి చూశాను. ఫైలు పేరు చివర ఇంకో మాట చేరి ఉంది. చూసినది.

తెరిస్తే ఉత్తరం చక్కగా కుదురుకుని ఉంది. మార్జిన్లు సరిచేశాడు. ప్రెస్సు యజమాని పేరు కింద చిరునామా పెట్టాడు. ఖాళీ ఉన్నచోట సోమవారం తేదీ ఉంది. అంతకు మించి ఒక్క మాట కూడా లేదు.

మరదలు లేచి ఆ పందొమ్మిది మెట్లూ ఆగకుండా ఎక్కేసింది. నేను నాలుగో మెట్టు మీదా, పదో మెట్టు మీదా ఆగి ఎక్కేసరికి అప్పటికే గొంతు లేచింది.

"ఎవరు చూడమన్నారు మిమ్మల్ని? నా కంప్యూటర్లోకి ఎందుకొచ్చారు?"

మా తమ్ముడు మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఎడమచేత్తో. చెంప మీద రెండుచోట్ల తెగింది.

"నువ్వు కూరలకి వెళ్లినప్పుడు వచ్చాను. నువ్వు నేను పడుకున్నప్పుడు వచ్చేదానివి కదా" అన్నాడు.

తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయింది.

వాడు తెర కింది మూలకి వేలు చూపించాడు. అక్కడొక చిన్న గుర్తుంది, మామూలుగా తెల్లగా ఉంటుంది. వేరే కంప్యూటరు నుంచి ఎవరైనా లోపలికొస్తే నల్లగా మారుతుందట.

"మొదటివారంలోనే చూశాను. నిద్ర పట్టక కళ్లు తెరిస్తే, బాణం దానంతటదే తిరుగుతోంది. నేను వదిలేసిన లైన్లన్నీ ఒక్కొక్కటే వచ్చి కూర్చుంటున్నాయి. 'చూసినది' అని పెట్టాక ముట్టుకున్నావే అని ముందు కోపమొచ్చింది. తర్వాత చదివాను. నువ్వు ముట్టుకున్నందుకే అది పేజీ అయింది."

"మరి తెలిశాక కూడా ఎందుకు కొట్టారు? ఇన్ని నెలలు?" అంది మరదలు.

"నేను మానేస్తే మళ్లీ గోడకి తిరిగానని నువ్వు బెంగపెట్టుకుంటావు. అందుకని కొట్టాను. నేను కొడుతున్నానని నువ్వు దిద్దావు. ఇద్దరం కలిసి నీ నిద్ర తినేశాం." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. మాట కూడా వాడికి చాకిరీయే. "నా పేజీలు నువ్వు చూశావు. నీ ఉత్తరం నేను చూశాను. చెల్లుకు చెల్లు. 'చూసినది' అని పెట్టాను, ఇంక ముట్టుకోకు."

అది మంచం పక్కన నేల మీద కూర్చుని, వాడి చచ్చుబడిన చేతి మీద తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ అలాగే నిద్రపోయింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. కిందికెళ్లి కారతన్ని కసిరి, సాయంత్రం రమ్మన్నాను.

సాయంత్రం ఇద్దరు మనుషుల్ని పెట్టి వాణ్ణి కుర్చీతో సహా దింపాం. వాడితోపాటు పాత కంప్యూటరు కూడా మా ఇంటికి వచ్చింది. సోమవారం మరదలు ప్రెస్సుకి వెళ్లింది, ఉత్తరం చేత పట్టుకుని.

మూడు నెలలైంది. ప్రతి ఆదివారం ఇక్కడికి వస్తుంది. వాడి పక్కన కూర్చుని నాలుగు మాటలు చెబుతుంది, వాలిందంటే సాయంత్రం దాకా లేవదు. మోకాళ్ల వాపు తగ్గింది. ఇక వాడు ఊరికే ఉండలేడు కదా, నేను ఎక్స్‌ఛేంజీ రోజుల కబుర్లు చెబుతుంటే టైపు చేస్తాడు. లైన్లు ఎగిరిపోతూనే ఉన్నాయి. ఒక్క ఫైలుకీ 'చూసినది' అని పెట్టలేదు.

గోడకి తిరిగి పడుకోలేదు. అది మాత్రం నేను కనిపెట్టుకునే ఉన్నాను. అయితే మధ్యాహ్నం నిద్ర మానేశాడు. భోజనమయ్యాక కంప్యూటరు ముందు ఊరికే కూర్చుంటాడు, టైపు చెయ్యడు. ఏం చేస్తున్నాడా అని నిన్న వెనక నిలబడి చూశాను. తెర కింది మూల ఆ చిన్న గుర్తునే చూస్తున్నాడు. అది తెల్లగానే ఉంది.

ముప్పై రెండేళ్లు నా ఉద్యోగమంతా అదే. అవతల ఎవరూ పలకడం లేదండీ, పెట్టెయ్యండి అని ఎన్ని వేలమందికి చెప్పానో. వాడికి చెప్పడానికి నోరు రాలేదు. టీ గ్లాసు వాడి ఎడమచేతి పక్కన పెట్టి వచ్చేశాను.