ముద్ర ఉన్న ఫ్లాపీ

ఏడో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరు వదిలేసుకున్నాం. ముందు ఎవరు వదిలారో ఇప్పటికీ తేలలేదు. తర్వాత టీవీలు, స్టెబిలైజర్లు విప్పి విప్పి, రెండువేల సంవత్సరం దాటేసరికి పటాన్‌చెరు నుంచి హత్నూర దాకా ఫ్యాక్టరీ ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్‌నయ్యాను. గేట్ల దగ్గర వాచ్‌మన్లు నన్ను "డాక్టర్ సాబ్" అనేవాళ్లు. నేనూ కాదనేవాణ్ణి కాదు.

ఒక ఎండాకాలం కొత్త వైరస్ దిగింది. ఫైలు పేరు కనిపిస్తుంది, తెరిస్తే లోపల ఖాళీ. మొదట మందుల ఫ్యాక్టరీలో చూసి తుడిచాను. మేనేజరు తలుపేసి, "ఈ ముచ్చట బయట అనకు. కస్టమర్లకు తెలిస్తే ఇజ్జత్ పోతది" అన్నాడు. వారం తిరక్కుండా రంగుల ఫ్యాక్టరీలో అదే వైరస్, అదే తలుపు, అదే మాట. ఇద్దరికీ సరేనన్నాను. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే పక్కింటికి చెప్తాం. ఫ్యాక్టరీలకు మాత్రం జ్వరం కన్నా పరువు ఎక్కువ.

మూడోది కేబుళ్ల ఫ్యాక్టరీ. అక్కడ కంప్యూటర్ పని చేసే అమ్మాయి రోజూ జోగిపేట నుంచి బస్సులో వచ్చేది. నేను వెళ్లేసరికి ఆమె చేతిలో మెమో ఉంది. నిర్లక్ష్యంగా ఫైళ్లు చెరిపేసినందుకు ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో సోమవారం లోపల చెప్పాలట.

"నేనేం చెరపలే అన్నా. పొద్దుగాల తెరిచిన, గంతే."

"బయటి ఫ్లాపీ ఏదన్న పెట్టినవా చెల్లె?"

"సర్కారుదొక్కటే పెట్టిన. దానికి ముద్ర ఉంది గదా!"

ఆ ముద్ర సంగతి చెప్పాలి. నెలనెలా ఒక సర్కారు ఆఫీసుకు పంపాల్సిన ఫారం ఫ్లాపీలో వచ్చేది. ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి ఒక్కటే ఫ్లాపీ. ఒక ఫ్యాక్టరీ వాళ్లు ఫారం నకలు చేసుకుని, వాచ్‌మన్ చేత పక్క గేటుకు పంపేవాళ్లు. బయటి ఫ్లాపీ ఏదొచ్చినా గేట్లోనే ఆపేసే కాపలావాళ్లు, దాని మీది ఊదారంగు ముద్ర చూస్తే సెల్యూట్ కొట్టినంత పని చేసేవాళ్లు. సర్కారు ముద్ర ఉన్నదాన్ని వైరస్ పరీక్షకు పెట్టడం మర్యాద కాదని అందరి నమ్మకం. నేనూ ఏనాడూ పెట్టలేదు, అబద్ధమెందుకు.

ఆ రోజు పెట్టాను. దొంగ అందులోనే ఉన్నాడు.

ఆమె మేనేజరు కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. చెప్తే నవ్వాడు. "నీ సంచిలోంచే ఆ ఫ్లాపీకి ఎక్కిందేమోనయ్యా! మిగతా కంపెనీల్లో రాని వైరసు మాకే వచ్చిందా? ఆ పిల్ల కోసం కథలు చెప్పకు."

వచ్చింది సార్ అంటే రెండు కంపెనీల్లో నా పని పోతుంది. అనకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది.

శనివారం పొద్దున ఫ్యాక్టరీల సంఘం హాల్లో మీటింగు. ప్రొజెక్టరు పెట్టే పని నాది. పట్నం నుంచి ఒక అధికారి వచ్చాడు. వైరస్ దాడి జరిగితే కంపెనీలు సర్కారుకు చెప్పాలని, సర్కారు మిగతా కంపెనీలను హెచ్చరించాలని, అందుకో చట్టం రావాలని గంటసేపు చెప్పాడు. మంచి మాటే. చివర్లో, "మీ దగ్గర ఎక్కడైనా ఇలా జరిగిందా?" అని అడిగాడు.

లేదన్నారు, ఒకరి తర్వాత ఒకరు. మందుల మేనేజరు, రంగుల మేనేజరు అందరికన్నా గట్టిగా అన్నారు. కేబుళ్ల మేనేజరు 'చూశావా' అన్నట్టు నా వైపు తలాడించాడు.

నాకు ఒళ్లు మండింది. వైర్ల మధ్య నుంచి లేచాను.

"సార్, జెర నేను మాట్లాడొచ్చా?"

"మీరెవరు?"

"మెకానిక్‌ను సార్. చదువు ఏడు, అది గూడ సగమే. ఫైళ్లు ఖాళీ చేసే వైరస్ ఒకటి మూడు కంపెనీలల్ల వచ్చింది. తుడిసింది నేనే."

"ఏ కంపెనీలు?"

"పేర్లు నేను చెప్ప. రోగం ఎవరిదో వాళ్లే చెప్పుకోవాలె. యాడికెల్లి వచ్చిందో మాత్రం సూపిస్త."

ఫారం ఫ్లాపీ పంపే ఆ సర్కారు ఆఫీసు గుమాస్తా వచ్చే నెల ఫ్లాపీ అందించడానికి వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. కవరు ఇంకా విప్పలేదు. అందరి ముందూ ఆయన చేతే విప్పించి, కంప్యూటర్లో పెట్టించాను. తెర మీద గోడంత ఎర్రటి హెచ్చరిక వచ్చింది. హాల్లో మళ్లీ ఎవరూ 'మా దగ్గర లేదు' అనలేదు.

అధికారి నన్ను పక్కకు పిలిచి, "ప్రస్తుతానికి ఈ విషయం ఇక్కడితో ఆపుదాం" అన్నాడు.

"గంటసేపు మీరు చెప్పింది గిదే గదా సార్? అయితే మొదటి హెచ్చరిక మీరే పంపాలె. కాయితం ఈడనే రాయుండ్రి. గా కాయితం లేకుంటే సోమారం ఒక పిల్ల నౌకరి పోతది."

మంచివాడే, పెన్ను తీశాడు. ఆ ఆఫీసు నుంచి వచ్చే ఫ్లాపీల్లో వైరస్ ఉంది, ఎవరూ వాడొద్దు అని రాసి సంతకం చేశాడు.

ఆ తర్వాత మందుల ఫ్యాక్టరీ గేటూ రంగుల ఫ్యాక్టరీ గేటూ నాకు తెరుచుకోలేదు. తెరవమని నేనూ అడగలేదు.

సోమవారం నేనూ ఆమే ఆ కాగితం నకలు కేబుళ్ల మేనేజరు బల్ల మీద పెట్టాం. చదివి, "సరేలేమ్మా, వెళ్లి పని చూసుకో" అన్నాడు.

"మెమో వాపస్ తీసుకున్నట్టు కాయితం ఇయ్యుండ్రి సార్. అప్పటిదాక కూసోను" అంది ఆ పిల్ల.

మధ్యాహ్నం దాకా నిలబడే ఉంది. చివరికి ఆయన ఒప్పుకున్నాడు. కానీ ఆ ఆఫీసులో టైపు కొట్టడం వచ్చింది ఆమెకొక్కదానికే. ఆయన చెప్తుంటే నిలబడే కొట్టింది. 'పొరపాటున ఇచ్చిన మెమో' అన్న చోట, ఆయన చెప్పకపోయినా, 'పొరపాటున' కింద గీత గీసింది. ఆయన సంతకం పెట్టాకే కుర్చీ లాక్కుంది.