వాకిట్లోకి వెళ్ళి పిలవడం

విరుదునగర్ ఆఫీసువాళ్ళు మా కోవిల్‌పట్టి హాలుకి ఒక పెద్ద పోస్టరు పంపించారు. నిజాయితీ, శుభ్రత, సమయపాలన, పరస్పర గౌరవం అని తమిళంలో రంగురంగుల అక్షరాలు. మేకు కొట్టి తగిలించింది నేనే. మేము చేసేది కడలమిఠాయి, అంటే ఆంధ్రవాళ్ళు పల్లీచిక్కీ అనేది. ఆ హాలుకి నేను సూపర్‌వైజర్ని. బెల్లం ఆవిరికి నెల తిరక్కుండానే పోస్టరు అంచులు ముడుచుకుపోయాయి. ఎవరైనా దాని ముందు నిలబడి చదవగా నేను చూడలేదు.

అయినా మా హాలు బాగా నడిచేది. పొయ్యి దగ్గర ఒకామెకి కళ్ళు తిరిగితే, నేను చెప్పకముందే ఇంకొకామె గరిటె అందుకునేది. ఎవరింట్లో పెళ్ళయినా ఆ నాలుగు రోజుల పని మిగతావాళ్ళు పంచుకునేవాళ్ళు. ఇదంతా నా అజమాయిషీ గొప్పతనమని చాలాకాలం నమ్మాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. కలుపు తీసేటప్పుడు వెనకబడినామె సాలును పక్కామె అందుకోవడం మా నల్లరేగడి చేలల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. వాళ్ళు దాన్ని హాల్లోకి తెచ్చుకున్నారు, అంతే.

పాకం చూసే ఆమెది మా ఊరే. మా ఇంట్లోలాగే వాళ్ళింట్లోనూ తెలుగే. కానీ మాది పొలాలున్నవాళ్ళ వీధి, వాళ్ళది ఆ పొలాల్లో పనిచేసినవాళ్ళ వీధి. హాల్లో ఇద్దరం తమిళంలోనే, ఒకరినొకరు మీరు అంటూ మాట్లాడుకునేవాళ్ళం. ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. నీళ్ళగిన్నెలో పాకం చుక్క వేసి, రెండు వేళ్ళతో తీసి పళ్ళెం అంచుకి కొట్టి, టిక్కుమంటే దించమనేది. ఆమె దించమన్న పాకం ఒక్కసారి కూడా పంటికి అంటుకోలేదు.

ఆమె భర్త పోయాడు. తూత్తుకుడిలో లారీలకి ఉప్పు బస్తాలు ఎత్తే మనిషి, పనిలోనే కుప్పకూలాడు. హాలు మొత్తం మా ఊరికి వెళ్ళాం. అందరూ ఆమె ఇంట్లోకి వెళ్ళి, పట్టుకుని ఏడ్చారు. నేను మాత్రం వీధి మొదట్లోనే ఆగిపోయి దండ లోపలికి పంపించాను. మావాళ్ళు ఎప్పుడూ నిలబడే చోటు అదే. అప్పుడు నాకది తప్పనిపించలేదు.

పదహారో రోజు కర్మ అయ్యాక ఆమెకి ఫోనులో ఒక మెసేజ్ పెట్టాను. తొందరేమీ లేదు, మీకు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడే రండి అని. పంపేసి నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

రోజులు గడిచాయి. ఆమె రాలేదు. బదులుగా పాకం చూస్తున్నామె చేతిలో మిఠాయి ఒకరోజు రాయయ్యేది, ఒకరోజు సాగేది. చివరికి విరుదునగర్ నుంచి మేనేజరు ఫోను చేశాడు. నలభై రోజులైంది, సోమవారానికి రాకపోతే ఆమె పేరు తీసేసి వేరే మనిషిని పెట్టుకోమన్నాడు. ఆ ఇంట్లో ఇక సంపాదించేది ఆమె ఒక్కతే. కూతురి చదువు ఇంకా పూర్తికాలేదు.

నాకు కోపం వచ్చింది. అంత మంచిగా చెప్పినా రాకపోతే నేనేం చెయ్యను? గింజలు ఏరే పెద్దామె దగ్గర ఆ మాటే అని విసుక్కున్నాను. ఆమెదీ ఇంట్లో తెలుగే. హాల్లో మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడింది.

"ఎట్ల వస్తుందిమ్మా? నువ్వు పొయ్యి పిలిచినావా?"

"మెసేజ్ పెట్టినాను గదా!"

"ఫోను వాకిట్లోకి పోతుందా? తాళి తీసిన మనిషి తానే పనికి బయలుదేరితే వీధి ఏమంటుంది? దుక్కం ఇంగ ఆరనే లేదు, దీనికేమి తొందర అంటుంది. పిలవాల. పని ఇచ్చేవాళ్ళే పొయ్యి, వాకిట్లో నిలబడి రమ్మనాల. మేము పిలిస్తే చాలదు. నీకు ఇది తెలీదా?"

తెలుసు. నన్ను ఇప్పటికీ పొడిచేది అదే. మా నాన్న పోయినప్పుడు మా పెద్దమ్మ వచ్చి వాకిట్లో నిలబడి పిలిచాకే మా అమ్మ పత్తి చేలోకి అడుగుపెట్టింది. అది ఊరి సంగతి, ఇది ఫ్యాక్టరీ అనుకున్నాను. లేదా మా వీధి సంగతి అనుకున్నానేమో, చెప్పలేను.

శనివారం పొద్దున్నే పెద్దామెనీ ఇంకో పదిమందినీ వెంటబెట్టుకుని టౌన్ బస్సెక్కాను. మా ఊళ్ళో దిగి వాళ్ళ వీధి దాకా నడిచాం. వీధి మొదట్లోకి రాగానే నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. అక్కణ్ణుంచే ఆమె పేరు పెట్టి గట్టిగా కేకేశాను.

"పనికి రావే! పొద్దెక్కింది!"

అది మా అవ్వ గొంతు. మా అవ్వ మాటలు. కలుపుకి కూలీలు కావలసిన పొద్దు ఆవిడ సరిగ్గా అక్కడే నిలబడి, అలాగే కేకేసేది. ఆమె తలుపు తెరుచుకోలేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. వెనక్కి తిరిగి బస్సెక్కేద్దామా అనిపించింది. కానీ సోమవారం ఎంతో దూరం లేదు. ఆ వీధిలోకి నడిచాను. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన నేను అందులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు నన్ను చూసి లేచి నిలబడ్డారు.

ఆమె వాకిట్లో నిలబడ్డాను.

"అక్కా, నేను వచ్చినాను. పనికి రాండి. మీరు లేక పాకం కుదరలేదు."

తలుపు తెరుచుకుంది. మనిషి సగమైపోయింది. చేతిలో తూక్కుచట్టి ఉంది, రోజూ హాలుకి అన్నం తెచ్చుకునే గిన్నె.

"ముందు పిలిచింది వినపడలేదా?" అని పెద్దామె అడిగింది.

"వినపడింది. ఆ కేకకి మా అమ్మ పరిగెత్తేది. నేను పోరాదు అనుకున్నా," అంది ఆమె నన్ను చూస్తూ. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇంత బిరాన అన్నం ఎట్ల కట్టుకున్నారక్కా?" అన్నాను.

"ఇప్పుడు కట్టింది కాదమ్మా. పదహారు అయిన మర్నాటినుంచి దినమూ పొద్దున్నే కడతా ఉండాను, ఎవురన్నా వస్తారని. మద్యాన్నం దాకా చూసి, ఈడనే కూర్చోని తింటా ఉండాను."

నేను చెయ్యి చాచి ఆ తూక్కుచట్టి అందుకున్నాను. ఇంకా వేడిగా ఉంది.