వన్ మోర్ మాస్టరు

ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో, సినిమా గుర్రాలను సాకే మాస్టరు ఒకాయన ఉండేవాడు. షాట్ బాగున్నా, టీ బాగున్నా ఆయన నోట ఒకటే మాట: "వన్ మోర్."

తొంభైల మొదట్లో ఆయన కూతురు జాతీయ స్వారీ పోటీలకు ఎంపికైంది. మొదటిరోజు పొందికైన నడక, తర్వాత గుట్టల్లో పరుగు, చివర కంచెలు దూకడం. నడక రోజున న్యాయనిర్ణేతలకు వందనం చేసేటప్పుడు గుర్రం రాయిలా నిలబడాలి. వాళ్ల గుర్రమేమో షూటింగుల్లో పెరిగింది. క్లాప్ బోర్డు చప్పుడు వింటే చాలు, దౌడు తీసేది. అక్కడ ఎవరైనా చప్పట్లు కొడితే ఏడాది కష్టం గాలికి పోయినట్టే.

గుర్రం ఒకసారి నేర్చింది మరిచిపోదని నేను గ్రంథాలయంలో చదివాను. ఆ మాటే చెబితే మాస్టరు నవ్వలేదు. "గా పుస్తకం దానికే చదివి వినిపియ్ సార్, సిగ్గుపడి మర్చిపోతది" అన్నాడు.

బయలుదేరే ముందురోజు సాయంత్రం, కూతురు జీనుమీద ఉండగా, గుర్రం చెవి దగ్గరే మాస్టరు క్లాప్ బోర్డు కొట్టాడు. అది ఎగిరి ఉరికింది. ఆ పిల్ల పడబోయి నిలదొక్కుకుంది.

"వన్ మోర్."

మళ్లీ ఉరికింది.

"వన్ మోర్ బిడ్డా."

ఈసారి దాని ఒళ్లు వణికింది కానీ గిట్టలు కదలలేదు. ప్రహరీగోడ మీంచి చూస్తున్న మేమంతా ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టేశాం. కొట్టాక గానీ ఏం చేశామో తెలియలేదు. మాస్టరు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

గుర్రం చెవులు మావైపు తిప్పింది. అలాగే నిలబడింది.

"వన్ మోరా నాయినా?" అంది కూతురు.

"వద్దు బిడ్డా," అన్నాడాయన క్లాప్ బోర్డు కింద పెడుతూ. "దానికి జర నీళ్లు తాపు."