బాబాయి వాచీని విప్పించాలనుకున్నాం

ఉదయం ప్రార్థనకు ముందు మా ఇంట్లో ఒక చప్పుడు వినిపించేది. తాతగారు రంగూన్ నుంచి తెచ్చిన జంట స్విస్ వాచీలకు నాన్నగారూ బాబాయీ అరుగు మీద కూర్చుని కీ ఇచ్చేవారు. "నీదెంతరా?" అని నాన్నగారు అడిగితే, "నీదే వెనకబడింది అన్నయ్యా!" అని బాబాయి నవ్వేవాడు. కర్రుకర్రుమనే ఆ చప్పుడు మీకూ గుర్తుందా?

ఈమధ్య నాన్నగారి వాచీ ఆగిపోయింది. అసలు పార్టులు ఇప్పుడు ఎక్కడా దొరకవనీ, అలాంటి వాచీనే ఇంకొకటి విప్పి అందులోవి వేయాలనీ రాజమండ్రి షాపులో చెప్పారు.

"బాబాయి పోయాక పిన్నికి ఆ వాచీతో పనేముందక్కా?" అన్నాడు తమ్ముడు. నేను కాదనలేదు. నిన్న ఇద్దరం పిన్ని ఇంటికి వెళ్ళి అడిగాం.

పిన్ని వాచీ తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది. నడుస్తోంది.

"రోజూ కీ ఇస్తున్నానమ్మా. మీ నాన్నగారి కోసమంటే కాదంటానా? విప్పించుకోండి."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. తమ్ముడైతే ఇచ్చిన కాఫీ కూడా తాగలేదు. వాచీ తీసుకోకుండానే వచ్చేశాం.

సాయంత్రం ప్రార్థన తర్వాత నాన్నగారితో సహా ఇంట్లో అందరం కూర్చుని అనుకున్నాం: నాన్నగారి వాచీని పిన్నికే ఇచ్చేస్తాం. ఆవిడ వాచీలో ఏ పార్టు పోయినా ఇందులోంచి తీసి వేయిస్తాం.