ఏరిండియా సుభాన్

కమరున్నీసా ఇప్పుడు పొయ్యి మీద ఎసరు రోజుకు ఒక్కసారే పెడుతోంది. అంతకుముందు పదేళ్ళపాటు రెండుసార్లు పెట్టేది. మొదటి ఎసరు సంగటికి, రెండోది విమానాలకు.

ఆమె భర్త సుభాన్ మదనపల్లెలో ట్రంకు పెట్టెల మేస్త్రి. ఎవరైనా సూట్‌కేసు బాగుకు తెస్తే, తాళం చెడిందా, మూత సొట్టపోయిందా అని చూసేవాడు కాడు. ముందు పెట్టెను నాలుగు పక్కలా తిప్పి చూసేవాడు. ఏ పక్కనైనా విమానం కంపెనీ వాళ్ళు అంటించిన రంగు చీటీ కనబడిందా, ఇక ఆ పెట్టె నేరుగా వంటింట్లోకి వచ్చేది. జలుబు చేసిన పసిబిడ్డకు పట్టినట్టు దానికి ఎసరు మీద ఆవిరి పట్టేవాడు. గోందు మెత్తబడి చీటీ చిరగకుండా ఊడొచ్చే దాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు.

"కూలి వద్దు సామీ, ఈ కాగితం నాకిడిసిపెట్టండి" అనేవాడు పెట్టె గలాయనతో. ఆయన సుభాన్ తల వైపు ఒకసారి జాలిగా చూసి, పెట్టె తీసుకుని పోయేవాడు.

ఊడదీసిన చీటీలను ఒక పెద్ద ట్రంకు మూత లోపల అంబలితో అంటించేవాడు. అంబలి వాసనకు చీమలు వచ్చి ఒక ఏడాది జెనీవాను సగం తినేశాయి. ఆ రోజు సుభాన్ అన్నం ముట్టలేదు.

ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు గాని, కంపెనీ చరిత్ర మొత్తం ఆయనకు నోటికి వచ్చు. టీ అంగట్లో పేపరు చదివేవాళ్ళ పక్కన కూచుని విన్నదే. ముప్పై రెండో సంవత్సరంలో కరాచీ నుంచి మద్రాసు దాకా టాటా వాళ్ళు విమానంలో టపా మోయించడంతో మొదలుపెట్టి, నలభై ఆరులో ఎయిర్ ఇండియా అని పేరు మారడం దాకా, సొంత తమ్ముడి పెళ్ళి సంగతులు చెప్పినట్టు చెప్పేవాడు. ఆ పేరు మదనపల్లె నోట్లో పడి ఏరిండియా అయింది. టీ అంగడి మునికృష్ణ ఊరుకుంటాడా?

"కంపెనీ వాళ్ళు మన మేస్త్రి పేరే పెట్టుకున్నారప్పా. బస్టాండులో ఏరె, కుప్పం స్టేషన్లో బెంగుళూరు నుంచి దిగే పెట్టెల ఎనకాల తిరిగి ఏరె, కుప్పతొట్లో ఏరె. ఇండియా అంతా ఏరినోడు ఏరిండియా కాక ఇంకేంది?"

అంగడంతా నవ్వింది. సుభాన్ మాత్రం అది బిరుదనుకున్నాడు. మర్నాడే అంగడి బోర్డు మీద 'ఏరిండియా ట్రంకు పెట్టెలు' అని రాయించాడు. నలభై ఎనిమిది జూన్‌లో మన విమానం మొదటిసారి బొంబాయి నుంచి లండనుకు లేచిన రోజున అంగడి మూసి, పెళ్ళినాటి షేర్వానీ తొడుక్కుని, వీధంతా చక్కెర పంచాడు.

"ఎవరి పెండ్లి మేస్త్రీ?" అని అడిగారు.

"పెండ్లి కాదప్పా. మనది లండనుకు పోతాండాది."

ఆయన సేకరణలో అన్నిటికంటే గొప్పది ఒక కాగితపు సంచి. పుంగనూరు ప్లీడరు దొరస్వామి బహూకరించింది. దొరస్వామి విమానం ఎక్కిన మనిషి. అంటే, మద్రాసు నుంచి బొంబాయికి ఎక్కానని రెండేళ్ళుగా కోర్టులోనూ బయటా చెబుతున్న మనిషి.

"పెద్దమనుషుల ఒళ్ళో ఒక్కొక్కటి పెడతారు మేస్త్రీ. దీంట్లో జీడిపప్పు పోసుకుని, కిటికీలోంచి మబ్బులు చూస్తా తింటాము" అని ఇచ్చాడు.

ఆ ఏడాది రంజాన్ పండగకు సుభాన్ ఆ సంచిలో ఎండు ఖర్జూరాలు పోసి, మసీదు పెద్దలకు స్వహస్తాలతో అందించాడు. పెద్దలు కళ్ళకద్దుకుని తిన్నారు.

పండగైన వారానికి పక్కింటి అంజమ్మ వచ్చింది. అంజమ్మ ఒక దొరసాని పిల్లలకు ఆయాగా ఉండి, వాళ్ళతో కూడా బొంబాయికి విమానంలో పోయివచ్చిన మనిషి. ఆ వీధిలో నిజంగా విమానం ఎక్కింది ఆమె ఒక్కతే. ఆయా కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె సంచిని చూసి నేరుగా వంటింట్లోకి నడిచింది.

"అక్కా, ఆ సంచి ఎందుకో తెలుసునా?"

"జీడిపప్పుకంట."

"తినేదానికి కాదక్కా, తినింది కక్కేదానికి. విమానం ఊగితే కడుపులో ఉండేదంతా దాంట్లోకే. నేను మూడు నింపినా."

కమరున్నీసాకు ఖర్జూరాలు గుర్తొచ్చాయి, ఒక్కొక్క పెద్దాయన గడ్డమూ గుర్తొచ్చింది. సాయంత్రం మొగుడితో, "అందరి చేతులూ తగిలితే నలిగిపోదా? అద్దం కట్టించి గోడకు పెట్టు" అన్నది. ఆయన మురిసిపోయి ఆ పనే చేశాడు. సంచి సంగతి ఆమె ఆయన బతికుండగా చెప్పలేదు. ఆయన పోయి రెండు నెలలైనా ఎవరికీ చెప్పలేదు. అంజమ్మ చేత కూడా ఒట్టు వేయించుకుంది.

ఇప్పుడామె ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటదు, పరాయి మగవాళ్ళ కంటపడదు. మాట ఏదైనా పరదా వెనకనుంచే. ఒక సోమవారం దొరస్వామి బండి దిగి అరుగు మీద కూచున్నాడు. మేస్త్రి ఎంత మంచివాడో కాసేపు చెప్పి, చెయ్యి గడియారం చూసుకుని అసలు మాటకు వచ్చాడు.

"కమరున్నీసమ్మా, మద్రాసు నుంచి పెద్ద ఆఫీసరు గురువారం సాయంత్రం మా ఇంటికి టీకి వస్తాండాడు. ఆయన నెలకు రెండుసార్లు విమానం ఎక్కే మనిషి. మేస్త్రి ట్రంకులో చీటీలుండాయి కదా, అవి ఆవిరి పట్టి ఊడదీసి పెట్టు. గురువారం పొద్దున మా పాపన్నను పంపిస్తా."

"చీటీలు మీకెందుకు సామీ?"

"నా సూట్‌కేసుకు అంటించేదానికి. నావి యాడో పోయినాయి. నీకు మాత్రం యాల అవి? చెదలు పట్టేదే కదా."

కమరున్నీసా ట్రంకు వైపు చూసింది. పదేళ్ళ ఎసరు దాని మూతలో ఉంది. కాదంటే ఎలా? అంత పెద్దాయనకు ఎదురు చెప్పడానికి ఇంట్లో మగదిక్కు లేదు. అప్పుడామె కళ్ళు గోడ మీద సంచి దగ్గర ఆగాయి. ఒక్కసారైనా విమానం ఎక్కిన మనిషికి ఆ సంచి ఎందుకో తెలియకుండా ఉంటుందా?

"సామీ, ఆ రోజు మీరు మేస్త్రికిచ్చిన సంచిలో ఏం తిన్నారంటిరి?"

"జీడిపప్పు. చెప్పినా కదా. ఆహా, అదీ ఇయ్యి. మరిచేపోయినా."

"ఆఫీసరు ముందర ఎవురిదని చెప్తారు?"

"నాదే. నేను తెచ్చిందే కదమ్మా."

"మేస్త్రి పేరు చెప్పరు కదా?"

"యాల చెప్తాను?"

"అట్లయితే తీసుకోండి సామీ" అని, అద్దం నుంచి సంచి తీసి, దుమ్ము తుడిచి, పరదా కింద నుంచి జరిపింది.

గురువారం పొద్దున పాపన్న వచ్చాడు. ప్లీడరు ఇంట్లో నిన్నటినుంచీ హడావుడి అన్నాడు. సంచి నిండా జీడిపప్పు పోసి బల్ల మధ్యన పెట్టించారట, ఆఫీసరుకు ప్లీడరు సొంత చేత్తో అందిస్తాడట. కమరున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ రెండు నెలల్లో కొంగు కళ్ళకు గాక నోటికి పోవడం అదే మొదలు.

"చీటీలు ఊడదీసినావా అమ్మా?"

"ఎసరు ఇంకా కాగలేదప్పా. అయ్యోరికి చెప్పు."

"ఎప్పుడు రమ్మంటావు?"

"కాగినప్పుడు."

పాపన్న బండి వీధి మలుపు తిరిగింది. వంటింట్లో ఎసరు మూతను ఎగరేస్తూ తెర్లుతోంది. కమరున్నీసా మూత తీసింది. ముఖానికి కొట్టిన ఆవిరిని ఒక క్షణం అలాగే ఉండనిచ్చింది. తరవాత దోసెడు రాగిపిండి పోసి సంగటి గెలకసాగింది. పక్కనే ట్రంకు, మూత వేసినది వేసినట్టే ఉంది.